బడ్జెట్ షీట్‌లో డబ్బు కాలమ్ చివరే రావాలి

మా అకౌంట్స్‌లో కొత్తగా చేరినవాళ్లకి వార్షిక బడ్జెట్ పని అప్పజెబితే అందరూ దాదాపు ఒకే పని చేస్తారు. పోయినేడాది ట్రయల్ బ్యాలెన్స్ (అన్ని ఖాతాల నిల్వల జాబితా) తెరిచి, పక్కన ఇంకో కాలమ్ పెట్టి, ప్రతి లైనుకీ పది శాతం కలుపుతారు. అమ్మకాలు, ముడిసరుకు, జీతాలు, కరెంటు, స్టేషనరీ, అన్నిటికీ అదే పది. సాయంత్రానికల్లా బడ్జెట్ రెడీ. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది, లాభం కూడా సరిగ్గా పది శాతమే పెరుగుతుంది కాబట్టి. ఆ షీట్ పట్టుకుని షాప్‌ఫ్లోర్‌కి వెళ్లి "జూన్‌లో ఏ మెషిన్ మీద ఏం నడుస్తుంది?" అని అడిగితే మాత్రం జవాబు ఉండదు.

నేను ప్లాస్టిక్ ఇంజెక్షన్ మౌల్డింగ్ చేసే ప్లాంట్‌లో కాస్ట్ అకౌంటెంట్‌ని. కరిగించిన ప్లాస్టిక్‌ని మౌల్డ్‌లోకి, అంటే అచ్చులోకి, ఎక్కించి డబ్బాలు, మూతలు, చిన్నచిన్న పార్టులు చేస్తాం. బడ్జెట్ సీజన్ వస్తే ఆ షీట్ నా నెత్తిమీదే పడుతుంది. దానికి నేను పెట్టుకున్న నియమం ఒకటుంది: మొదటి ట్యాబుల్లో డబ్బు అన్న మాటే కనబడకూడదు. ముక్కలు, కిలోలు, గంటలు, మనుషులు, ఇవే ఉండాలి. అవి ఒకదానితో ఒకటి కుదిరాకే రేట్లు తెచ్చి గుణించాలి. కుదరకముందే రేట్లు తెచ్చామా, ఇక అందరూ రేట్ల మీదే కొట్టుకుంటారు. ముక్కల సంగతి పట్టించుకునేవాళ్లు ఉండరు.

అన్నిటికీ మొదలు అమ్మకాలు. సేల్స్ వాళ్లు "ఈసారి 12 శాతం పెరుగుతాం సార్" అని ఎండీ గారి ముందు చెప్పేస్తారు. దేంట్లో 12 శాతం అన్నది నా ప్రశ్న. మొన్న ఒక ఏడాది టర్నోవర్ నిజంగానే 12 శాతం పెరిగింది, అందరూ సంబరపడ్డారు. కూర్చుని విడదీసి చూస్తే, ముడిసరుకు రేటు పెరగడం వల్ల మేం అమ్మకం ధర సగటున 9 శాతం పెంచాం. 1.12ని 1.09తో భాగిస్తే 1.0275. అంటే ముక్కల లెక్కలో పెరిగింది 3 శాతం కూడా లేదు. ఆ పెరిగిన టర్నోవర్ చూసి కొత్త మెషిన్ కొనాలన్న మాట కూడా అప్పట్లో నడిచింది.

అందుకే సేల్స్ దగ్గర ఐటమ్ వారీగా, కస్టమర్ వారీగా, నెలవారీగా ముక్కల సంఖ్య అడుగుతాను. పక్కన మూడు రంగుల్లో మూడు రకాలు పెట్టమంటాను: చేతిలో ఉన్న ఆర్డరు, కస్టమర్ ఇచ్చిన షెడ్యూలు, మన ఆశ. షెడ్యూల్‌ని ఆర్డరుతో సమానంగా చూడకూడదు. కస్టమర్ షెడ్యూల్ మార్చుకోవడానికి ఒక ఈమెయిల్ చాలు. ఆశకి బడ్జెట్‌లో చోటివ్వొద్దని నేను అనను, ఆశ లేకుండా ఏ వ్యాపారమూ నడవదు. కానీ దాని రంగు వేరుగా కనబడాలి. ఆ రంగు ముక్కలు నమ్ముకుని మనుషుల్ని తీసుకుంటున్నామా, సరుకు తెప్పిస్తున్నామా అన్నది అప్పుడు తెలుస్తుంది.

ఇక్కడి నుంచి ఒక్క ఐటమ్ పట్టుకుని చెబుతాను. అన్నీ కలిపి చెబితే గాల్లో మాటల్లా ఉంటాయి. ఒక మూత అనుకోండి. ఏడాదికి 10 లక్షలు అమ్ముతామని సేల్స్ అంచనా. ఏడాది మొదట్లో 80,000 మూతలు గోడౌన్లో ఉంటాయని స్టోర్స్ రికార్డు చెబుతోంది. ఏడాది చివర 50,000 చేతిలో ఉంటే చాలు. సూత్రం ప్రకారం తయారు చేయాల్సినవి 10,00,000 కలుపు 50,000 తీసివేత 80,000, అంటే 9,70,000. క్లాసులో ఐతే ఇక్కడితో లెక్క అయిపోతుంది.

ప్లాంట్‌లో అవ్వదు. గోడౌన్లోకి వెళ్లి ఆ 80,000 ఏవో చూడాలి. వెనక ర్యాకులో దుమ్ముపట్టిన అట్టపెట్టెలు ఉంటాయి, వాటిలో 15,000 పాత రంగువి. ఆ కస్టమర్ రంగు మార్చుకుని చాలా కాలమైంది, ఇక ఎవరూ కొనరు. రికార్డులో అవీ మూతలే, అమ్మకానికి మాత్రం పనికిరావు. కాబట్టి వాడుకోగల ఓపెనింగ్ స్టాకు 65,000, చేయాల్సినవి 9,85,000. ఆ 15,000 మూతల విలువని ఎప్పుడు కొట్టేయాలన్నది వేరే పంచాయితీ, అది ఆడిటర్ గారు వచ్చేలోపు తేల్చుకోవాలి. ఇంకో సంగతి. బడ్జెట్ ఏడాది మొదలవడానికి మూడు నాలుగు నెలల ముందే ఇదంతా రాస్తాం కాబట్టి ఓపెనింగ్ స్టాకు కూడా అంచనానే. చాలామంది ఇవాళ్టి స్టాకునే అక్కడ వేసేస్తారు. మిగిలిన నెలల ఉత్పత్తి, డిస్పాచ్ లెక్కేసి ఏడాది చివరికి ఎంత మిగులుతుందో అది వేయాలి.

తర్వాత రిజెక్షన్. నూటికి మూడు పోతాయనుకుంటే, 9,85,000 మంచి మూతలు రావాలంటే 9,85,000ని 0.97తో భాగించాలి. సుమారు 10,15,500 కొట్టాలి. మూడు శాతం కలిపితే సరిపోతుంది కదా అంటారు కొత్తవాళ్లు. ఒక్క దశ ఉన్నచోట తేడా చిన్నదే. కానీ మౌల్డింగ్ తర్వాత ప్రింటింగ్, ఆ తర్వాత అసెంబ్లీ ఉన్న ఐటమ్‌లో మూడు దశల దిగుబడులు 97, 96, 98 శాతం అనుకోండి. మూడూ గుణిస్తే 91.3 దగ్గర తేలుతుంది. చివర వంద మంచివి రావాలంటే మొదట్లో దాదాపు 110 కొట్టాలి. ఏ దశకి ఆ దశ చూస్తే అందరి పనీ బాగానే ఉంటుంది, కలిపి చూసినప్పుడే దాదాపు పదకొండులో ఒకటి పోతున్నట్టు తెలుస్తుంది.

ఇప్పుడు గంటలు. ఈ ట్యాబ్ కోసమే నేను తప్పకుండా షాప్‌ఫ్లోర్‌కి వెళ్తాను. ఈ మూత మౌల్డ్ నాలుగు కేవిటీలది (ఒక్కో కేవిటీ ఒక్కో మూత తయారయ్యే గుంట), ఒక్కో షాట్‌కి పట్టే సైకిల్ టైమ్ 24 సెకన్లు అని మాస్టర్ డేటాలో ఉంది. గంటకి 150 షాట్లు, షాట్‌కి నాలుగు, అంటే 600 మూతలు. 10,15,500 మూతలకి 1,693 గంటలు. కంప్యూటర్ ఇదే చూపిస్తుంది.

మెషిన్ పక్కన నిలబడి చూశాను. మౌల్డ్ తెరుచుకుంది, ఎజెక్టర్ పిన్నులు ముందుకొచ్చాయి, కింద ట్రేలో మూతలు పడ్డాయి. మూడు. మళ్లీ మూసుకుంది, తెరుచుకుంది. మళ్లీ మూడే. పక్కనున్న షిఫ్ట్ ఇన్‌చార్జ్‌ని అడిగితే "ఆ మూల కేవిటీ మూసేశాం మేడమ్. ఫ్లాష్ వస్తోంది, అంచు కత్తిరించలేక చస్తున్నాం" అన్నాడు. ఫ్లాష్ అంటే అంచున పలచటి పొరలా బయటికొచ్చే ప్లాస్టిక్. ఎప్పటి నుంచి అంటే అతనికీ గుర్తులేదు, తను ఈ షిఫ్ట్‌కి వచ్చేసరికే అలా ఉందట. ఆపరేటర్‌కి అది మామూలు సంగతి, మెయింటెనెన్స్ వాళ్లకి పెండింగ్ లిస్టులో ఒక లైను, మాస్టర్ డేటాలో ఇంకా నాలుగే. షాట్‌కి మూడే వస్తే గంటకి 450. 10,15,500 మూతలకి 2,257 గంటలు. తేడా 564 గంటలు. ఎనిమిది గంటల షిఫ్టుల్లో చెప్పాలంటే దాదాపు 70 షిఫ్టులు.

ఈ ఒక్క మూసిన కేవిటీ బడ్జెట్ అంతటా ఎలా పాకుతుందో చూడండి. మూడు పడినా నాలుగు పడినా మెషిన్ దగ్గర ఆపరేటర్ ఉండాల్సిందే, కాబట్టి 70 షిఫ్టుల కూలి అదనం. బ్యారెల్ (ప్లాస్టిక్ కరిగే గొట్టం) హీటర్లు, హైడ్రాలిక్ పంపు, చల్లబరిచే చిల్లర్ అన్నీ 564 గంటలు అదనంగా తిరుగుతాయి, కాబట్టి కరెంటు అదనం. అన్నిటికన్నా ముఖ్యం, ఆ గంటల్లో ఆ మెషిన్ మీద ఎక్కాల్సిన ఇంకో మౌల్డ్ బయట కూర్చుంటుంది. ప్లాంట్‌లో ఖాళీ ఉంటే ఇది పెద్ద నష్టం కాదు. ఆ టన్నేజీ (మౌల్డ్‌ని బిగించి పట్టే బలం) మెషినే ఇరుకుగా ఉంటే, రెండో మౌల్డ్ వల్ల రావాల్సిన అమ్మకమే ఆగుతుంది. అప్పుడు గంట ఖరీదు కూలి, కరెంటుతో ఆగదు, పోయిన కాంట్రిబ్యూషన్ (అమ్మకం ధరలో చల ఖర్చులు పోగా మిగిలేది) కూడా కలుపుకోవాలి. అందుకే ఏ మెషిన్ దగ్గర గంటలు ముందుగా అయిపోతాయో అది తెలిశాకే నేను మిగతా బడ్జెట్ ముట్టుకుంటాను.

మెషిన్ దగ్గర ఉండే గంటల సంగతి కూడా ఒక మాట. ఏడాదికి 300 రోజులు, రోజుకి 24 గంటలు, 7,200 గంటలు ఉన్నాయి కదా అని కాగితం మీద వేసుకుంటే మోసపోతాం. మౌల్డ్ మార్పిడి, రంగు మార్పిడి, బ్రేక్‌డౌన్, కరెంటు కోత, పొద్దున్నే మొదటి షాట్లు సెట్ అయ్యేదాకా పట్టే సమయం, ఇవన్నీ పోవాలి. ఓఈఈ (మెషిన్ మొత్తం సమర్థత) అనే కొలత ఇందుకే. జపాన్‌లో టీపీఎం అనే మెషిన్ల నిర్వహణ పద్ధతికి రూపమిచ్చిన సెయిచి నకాజిమా తెచ్చిన లెక్క ఇది: మెషిన్ నడిచిన సమయం, నడిచిన వేగం, మంచి ముక్కల నిష్పత్తి, మూడూ గుణించాలి. 85 శాతం, 90 శాతం, 97 శాతం విడివిడిగా వింటే బాగానే ఉంటాయి. గుణిస్తే 74. బడ్జెట్‌లో 85 వేద్దాం, టార్గెట్‌లా ఉంటుంది అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అంటారు. టార్గెట్ వేరే కాగితం మీద పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. బడ్జెట్‌లోకి మాత్రం పోయిన ఏడాది నిజంగా వచ్చిన అంకె, దాన్ని మార్చే పని ఏదైనా ఖాయమైతే ఆ పని పూర్తయ్యే నెల నుంచి మారిన అంకె. అంతే.

ముడిసరుకు ట్యాబ్‌లో మూత బరువు 18 గ్రాములు. 10,15,500 మూతలకి 18,279 కిలోలు. ఇక్కడ మౌల్డింగ్ వాళ్లకి ఒక సౌకర్యం ఉంది. రిజెక్ట్ అయిన మూత, రన్నరు (కేవిటీలకి ప్లాస్టిక్ వెళ్లే దారిలో గట్టిపడిన ముక్క) గ్రైండర్‌లో వేసి మళ్లీ కలుపుకోవచ్చు, ఆ పొడినే రీగ్రైండ్ అంటాం. కాబట్టి రిజెక్షన్ వల్ల పోయేది సరుకు కాదు, దాని మీద పెట్టిన మెషిన్ గంట, కరెంటు. కానీ రీగ్రైండ్ ఒప్పుకోని కస్టమర్లు ఉంటారు, ముఖ్యంగా తినే వస్తువుల ప్యాకింగ్‌లో. వాళ్ల ఐటమ్‌లకి ఆ మూడు శాతం పూర్తి నష్టం, రీగ్రైండ్ తక్కువ రకం పనికే పోతుంది. రెండిటికీ ఒకే కన్సంప్షన్ శాతం వేస్తే ఒకదాని ఖర్చు ఇంకోదాని మీద పడుతుంది.

రంగు మార్చినప్పుడు బ్యారెల్ కడగడానికి పోయే సరుకు కూడా లెక్కలోకి రావాలి. తెలుపు నుంచి పసుపు, పసుపు నుంచి ఎరుపు, ఎరుపు నుంచి నలుపు అలా లేత నుంచి ముదురుకి వెళ్తే తక్కువ పోతుంది. నలుపు నడిపి వెంటనే తెలుపు పెడితే చారలు పోయేదాకా పర్జింగ్, అంటే కొత్త సరుకు తోసి బ్యారెల్ కడగడం, చేస్తూనే ఉండాలి. మెషిన్ కింద నేల మీద ముద్దముద్దలుగా గట్టిపడిన ప్లాస్టిక్ కనబడుతుంది. ఆ ముద్దలు తూకం వేసి రాయమని నేను అడిగితే మొదట్లో నవ్వారు. ఇప్పుడు షిఫ్ట్ రిపోర్టులో దానికో గడి ఉంది.

కొనాల్సిన కిలోలకీ అదే సూత్రం: వాడకం, చివర ఉండాల్సిన స్టాకు, తీసేయి మొదట ఉన్న స్టాకు. ఇప్పుడు రేటు. ప్లాస్టిక్ గ్రాన్యూల్స్ రేటు క్రూడ్, నాఫ్తా వెంట తిరుగుతుంది, దాన్ని ఏడాది ముందు చెప్పగలిగినవాడు మా ప్లాంట్‌లో ఉద్యోగం చేయడు. కాబట్టి సరైన రేటు కోసం వాదించడం మానేశాం. ఒక రేటు వేస్తాం, ఏ తేదీ కొటేషన్, ఎవరిచ్చారు అన్నది పక్కనే రాస్తాం. ఆ రేటు పది శాతం తప్పితే ఏమవుతుందో అక్కడే చూపిస్తాం. అమ్మకం వందలో సరుకు 60, లాభం 8 అనుకుంటే, సరుకు పది శాతం పెరిగితే 6 పోతుంది, మిగిలేది 2. ఈ ఒక్క లైను చూపిస్తే బోర్డు మీటింగ్‌లో ట్రావెల్ ఖర్చు మీద చర్చ దానంతటదే చల్లారుతుంది. కస్టమర్‌తో ధర సవరించే ఒప్పందం ఉంది కదా అంటారు. ఉంది. కానీ చాలా ఒప్పందాల్లో సవరణ మూడు నెలలకోసారి, వెనకటి సగటు మీద. రేటు ఎక్కుతున్నన్నాళ్లూ ఆ మూడు నెలల వెనకబాటు మనమే మోయాలి. నెలవారీ బడ్జెట్‌లో అది కనబడాలి.

మనుషుల ఖర్చు గురించి పుస్తకాల్లో డైరెక్ట్ లేబర్ అంటే ముక్కలతో పాటు పెరిగి తగ్గే ఖర్చు అని ఉంటుంది. మా దగ్గర అది మెట్లలా పెరుగుతుంది. షిఫ్ట్ నడిస్తే ఆ షిఫ్ట్ మనుషులంతా కావాలి, పదివేల ముక్కలు తగ్గాయని సగం ఆపరేటర్‌ని ఇంటికి పంపలేం. అందుకే గంటల ట్యాబ్ నుంచి షిఫ్టులు, షిఫ్టుల నుంచి మనుషులు, సెలవుల మీద ఉండేవాళ్ల బదులు మనుషులు, ఆ తర్వాత ఓవర్‌టైమ్. జీతాల సవరణ ఏ నెల నుంచో ఆ నెల నుంచే వేయాలి, ఏడాదంతా సగటు వేస్తే మొదటి నెలల్లో ఉత్తుత్తి పొదుపు కనబడుతుంది.

కరెంటు, మెయింటెనెన్స్ లాంటివి సగం స్థిరం, సగం చలం. వాటిని విడదీయడానికి గట్టి లెక్కలేవో ఉన్నాయి, నేను మాత్రం మొదట ఒక మోటు లెక్క వేస్తాను. ఎక్కువ ఉత్పత్తి అయిన నెల 12,000 మెషిన్ గంటలకి బిల్లు 5,20,000, తక్కువ నెల 7,000 మెషిన్ గంటలకి 3,70,000 అనుకోండి. 5,000 గంటల తేడాకి 1,50,000, అంటే గంటకి 30. తక్కువ నెలలో 7,000కి 2,10,000 పోతే మిగిలిన 1,60,000 ఉత్పత్తి ఉన్నా లేకపోయినా కట్టేది, డిమాండ్ చార్జీలు, లైట్లు, కంప్రెసర్ లాంటివి. టారిఫ్ మారిన నెలనో, ప్లాంట్ మూసిన నెలనో తీసుకుంటే ఈ లెక్క చెడుతుంది, మామూలు నెలలే ఏరుకోవాలి.

స్థిర ఓవర్‌హెడ్స్‌ని ఎన్ని గంటల మీద పంచాలన్నది అసలైన తగాదా. ప్లాంట్ మొత్తం కాకుండా ఒక చిన్న సెక్షనే తీసుకుందాం: ఏడాదికి 60 లక్షల స్థిర ఖర్చు, 12,000 మెషిన్ గంటలు బడ్జెట్ చేస్తే గంటకి 500. నడిచింది 10,000 గంటలే అయితే ముక్కల మీదికి ఎక్కింది 50 లక్షలు, మిగతా 10 లక్షలు నేరుగా లాభంలోంచి పోతాయి. అందుకని ధర తక్కువ చూపించడానికి గంటలు ఎక్కువ వేసుకోవాలన్న కోరిక అందరికీ ఉంటుంది. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 2 ఈ విషయంలో స్పష్టంగా ఉంది: స్థిర ఉత్పత్తి ఖర్చుని మామూలు సామర్థ్యం మీద పంచాలి, ఉత్పత్తి తగ్గిందని ఒక్కో ముక్క మీద భారం పెంచి స్టాకు విలువలో దాచకూడదు, పంచగా మిగిలింది ఆ కాలం ఖర్చే. అసాధారణ వృథా కూడా అంతే. దీనికి రెండో వైపు కూడా ఉంది. అమ్మకం లేకపోయినా మెషిన్లు ఖాళీగా ఉండకూడదని గోడౌన్ నింపితే, స్థిర ఖర్చులో కొంత ఆ పెట్టెలతో పాటు గోడౌన్లో కూర్చుంటుంది, ఆ నెల లాభం బాగా కనబడుతుంది. అందుకే ఉత్పత్తి బడ్జెట్‌ని అమ్మకాల బడ్జెట్ నుంచి తీయాలే తప్ప మెషిన్ల ఖాళీ చూసి రాయకూడదని నా పట్టు.

కేవిటీ సంగతికి వద్దాం. టూల్‌రూమ్ వాళ్లు మూడు వారాలు మౌల్డ్ ఇమ్మన్నారు. సీజన్లో ఇవ్వలేం. మూతలు వారానికి 19,000 పైన పోతాయి కాబట్టి మూడు వారాలకి దాదాపు 58,000 ముందే కొట్టి పెట్టుకోవాలి. అంటే రిపేరు ఖర్చు మెయింటెనెన్స్ బడ్జెట్‌లో ఒక నెల, ముందస్తు స్టాకు ఉత్పత్తి బడ్జెట్‌లో అంతకు ముందు రెండు నెలలు, దానికి సరుకు కొనుగోలు ఇంకో నెల ముందు, డబ్బు కట్టడం సప్లయర్ గడువు ప్రకారం. గంటకి 450 నుంచి 600కి మారడం రిపేరు అయ్యాకే. ఒక్క రిపేరు నాలుగు ట్యాబుల్లో నాలుగు నెలల్లో కనబడుతుంది. పోయినేడాది మీద పది శాతం కలిపే బడ్జెట్‌లో ఇది ఎక్కడ రాస్తారు?

కొత్త మెషిన్లు కొనడమూ ఇలాగే. ఆర్డరుతో పాటు అడ్వాన్సు పోతుంది, మెషిన్ నెలల తర్వాత వస్తుంది, బిగించి ట్రయల్స్ చేసి కస్టమర్ శాంపిల్ ఒప్పుకునేసరికి ఇంకొంత కాలం. అమ్మకాలు మాత్రం మెషిన్ దిగిన రోజు నుంచి రాసేస్తుంటారు.

డిపార్ట్‌మెంట్ల ఖర్చుల దగ్గర జరిగే నాటకం అన్ని కంపెనీల్లోనూ ఉంటుందనుకుంటా. పైవాళ్లు పది శాతం కోస్తారని తెలిసి కిందివాళ్లు పన్నెండు కలిపి పంపుతారు. కలిపారని తెలిసి పైవాళ్లు పదిహేను కోస్తారు. నిజాయతీగా రాసి పంపినవాడొక్కడే నష్టపోతాడు, వచ్చే ఏడాది వాడూ నేర్చుకుంటాడు. దీనికి మందుగానే జీరో బేస్డ్ బడ్జెటింగ్ వచ్చింది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో పనిచేసిన పీటర్ పైర్ 1970లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో దాని గురించి రాశాడు. ప్రతి ఖర్చునీ సున్నా నుంచి మొదలెట్టి సమర్థించుకోవాలి. ఆలోచన మంచిదే. కానీ ఏటా అన్ని పద్దులకీ చేయబోతే జనం కాగితాలు నింపడంలోనే అలసిపోతారు, రెండో ఏడాది పాత సమర్థనే కాపీ పేస్ట్ అవుతుంది. మేం వంతులవారీగా చేస్తాం. ఒక ఏడాది ప్యాకింగ్, రవాణా. ఇంకో ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టులు. ఒక పద్దుని కోయాలంటే ఏ పని మానేస్తామో అది రాసి సంతకం పెట్టాలి. ఈ షరతు పెట్టాక గుడ్డి కోతలు చాలా తగ్గాయి.

చివర నగదు బడ్జెట్. ఎండీ గారు లాభం పేజీ చూస్తారు, నేను ఈ పేజీ చూస్తూ టెన్షన్ పడతాను. సరుకు స్టోర్స్‌లో 30 రోజులు, మెషిన్ మీద 5 రోజులు, గోడౌన్లో 25 రోజులు, కస్టమర్ దగ్గర 60 రోజులు. మొత్తం 120. సప్లయర్ మనకిచ్చే గడువు 30 తీసేస్తే 90 రోజుల పాటు మన డబ్బు ఇరుక్కుని ఉంటుంది. నెల ఖర్చు 40 లక్షలైతే సుమారు కోటీ 20 లక్షలు ఎప్పుడూ రోడ్డు మీదే. అమ్మకాలు 25 శాతం పెరిగితే ఇంకో 30 లక్షలు కావాలి, అదీ పెరిగిన అమ్మకాల లాభం చేతికి రాకముందే. బ్యాంక్ లిమిట్ పెంచమని అడగడానికి ఆ నెల వచ్చేదాకా ఆగితే పనవ్వదు. అందుకే ఈ పేజీని నెలవారీగా కాదు, ఇరుకున్న నెలల్లో వారం వారం వేస్తాం. జీతాలు ఒకటో వారం, కస్టమర్ చెక్కు మూడో వారం అయితే నెల మొత్తం మిగులు చూపించినా మొదటి పదిహేను రోజులు గండమే.

ఆమోదం అయ్యాక బడ్జెట్‌ని ఏం చేస్తారన్నది ఇంకో కథ. మా పాత రిపోర్టులో బడ్జెట్ అంకె, అసలు అంకె, తేడా ఉండేవి. ఒక నెల 90,000 మూతలకి 18 గ్రాముల లెక్కన 1,620 కిలోలు బడ్జెట్. వాడింది 1,520. వంద కిలోలు ఆదా అని పచ్చరంగు వచ్చింది. కానీ ఆ నెల కొట్టింది 80,000 మూతలే. 80,000కి పోవాల్సింది 1,440. అంటే 80 కిలోలు ఎక్కువే పోయింది. బడ్జెట్‌ని నిజంగా జరిగిన ఉత్పత్తికి తగ్గట్టు మళ్లీ లెక్కేసి, అప్పుడు పోల్చాలి. ఫ్లెక్సిబుల్ బడ్జెట్ అనేది ఇదే, అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. అయినా పచ్చరంగు వచ్చిన చోట ఎవరూ రెండోసారి చూడరు.

ఆ 80 కిలోల కోసం షిఫ్ట్ రిపోర్టులు తిరగేశాను. పర్జింగ్ గడిలో ఆ నెల రెండు పెద్ద అంకెలు ఉన్నాయి. రెండుసార్లూ నలుపు నడుస్తుండగా ఆపి తెలుపు పెట్టారు, సేల్స్ వాళ్ల అర్జెంట్ ఆర్డర్ కోసం. ప్రొడక్షన్ మేనేజర్ గారు "ఈ ఖర్చు సేల్స్ ఖాతాలో వేయండి, మా వేరియన్స్‌లో (బడ్జెట్‌కీ అసలుకీ తేడా) చూపిస్తే ఒప్పుకోను" అన్నారు. సేల్స్ మేనేజర్ గారు ఆ ఆర్డర్ తీసుకోకపోతే కస్టమరే పోయేవాడన్నారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. ప్రస్తుతానికి "అర్జెంట్ మార్పిడులు" అని కొత్త లైను ఒకటి తెరిచి ఆ కిలోలు, వాటితో పోయిన మెషిన్ గంటలు అందులో వేశాను. దానికి వచ్చే ఏడాది బడ్జెట్‌లో ఎన్ని కిలోలు ఇవ్వాలి, ఎవరి సంతకంతో వాడుకోవాలి అన్నది వచ్చే రివ్యూ అజెండాలో మొదటి అంశం.